పోర్ట్ హార్డీ రేవులో ఆదుకున్న అపరిచితునికి కృతజ్ఞతలు

కెనడాలోని వాంకూవర్ ద్వీపపు ఉత్తర కొసన, పోర్ట్ హార్డీ రేవులో పడవ బయలుదేరే వేళ ఒంటికి నీరు తగలనివ్వని నా డైవింగ్ దుస్తుల (డ్రైసూట్) మణికట్టు రబ్బరు పట్టీ చిరిగిపోగా, తన సంచిలోని కొత్త పట్టీని తీసి స్వయంగా అమర్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దమనిషికి హృదయపూర్వక కృతజ్ఞతలు. వేసవిలోనూ 10 డిగ్రీల సెల్సియస్ చుట్టూనే ఉండే ఆ నీరు సూటులోకి చేరితే డైవింగ్ అంతటితో ముగిసినట్టే. విశాఖ తీరపు వెచ్చదనానికి అలవాటుపడిన నాకైతే మరీను. అంతకన్నా విలువైనది మీరిచ్చిన సలహా. ఆటుపోట్లు మారే సమయంలో ప్రవాహం కాసేపు నెమ్మదిస్తుందని, నీటి అడుగున నిలువుగా ఉండే బ్రౌనింగ్ గోడ దగ్గర అప్పుడే దిగాలని మీరు కాగితంపై గీసి చూపినందువల్లనే, ఎర్రని మృదు పగడాలూ పువ్వుల్లా కనిపించే సముద్రజీవులైన తెల్లని సీ అనిమోన్లూ నిలువునా కప్పేసిన ఆ రాతిగోడను నిశ్చింతగా చూడగలిగాము. మా బృందమంతటి తరఫున ఈ ధన్యవాదాలు స్వీకరించగలరు.