కాలింది ఎస్‌ఎంపీఎస్, కారణం స్తంభం మీద

సంపాదకుల వారికి నమస్కారం.

ఈదురుగాలులు వీచిన మర్నాడు నా షాపుకి సీపీయూలు వరసకడతాయి. కంప్యూటర్ రిపేర్లు చేయబట్టి 18 ఏళ్లు. మొన్న మే నెల గాలివాన తర్వాత ఒకే వీధి నుంచి ఐదొచ్చాయి. అందరిదీ ఒకటే మాట: ‘ఎస్‌ఎంపీఎస్ పోయినట్టుంది, కొత్తది వేసెయ్ అన్నా.’ ఎస్‌ఎంపీఎస్ అంటే ఇంటి కరెంటును కంప్యూటర్‌కి కావలసిన తక్కువ వోల్టులకి మార్చిచ్చే పెట్టె. వేసెయ్యడం ఎంతసేపు? ఎందుకు పోయిందో చూడకపోతే వచ్చే గాలికి కొత్తదీ కాలుతుంది.

మూత విప్పి చూస్తే సంగతి సగం తెలిసిపోతుంది. 12, 5 వోల్టులు బయటికిచ్చే వైపు కెపాసిటర్లనే చిన్న డబ్బాల నెత్తులు ఉబ్బి ఉంటే అది వయసు, వేడి, దుమ్ము చేసిన పని. ఈ ఐదింట్లో అవి బాగానే ఉన్నాయి. కరెంటు లోపలికొచ్చే చోట మాత్రం ఫ్యూజు గాజు మసిబారిపోయింది. మూడింట్లో దాని పక్కనుండే రూపాయి బిళ్లంత ఎంఓవీ రెండు చెక్కలైంది. వోల్టేజీ మితిమీరితే ముందు తాను బలయ్యే భాగం అది. మిగతా రెండింట్లో అసలు ఎంఓవీయే లేదు. బోర్డు మీద దాని గుర్తు అచ్చువేసి ఉంది, కన్నాలు ఖాళీ.

ఆ రాత్రి జరిగిందేమిటంటే, స్తంభం దగ్గర న్యూట్రల్, అంటే కరెంటు తిరిగెళ్లే తీగ, జాయింటు ఊడింది. అది ఊడితే 230 రావలసిన ఇళ్లకి మూడు ఫేజుల మీద లోడునిబట్టి ఎంతైనా రావచ్చు, 400 దాకా. అందుకే ఒకింట్లో బల్బు గుడ్డిదీపమైంది, ఎదురింట్లో పేలిపోయింది. ‘యూపీఎస్ ఉందిగా’ అన్నారొకాయన. ఆ యూపీఎస్ కూడా కాలి నా బల్ల మీదే ఉంది.

ఎంఓవీ మానేసి డబ్బు మిగుల్చుకున్న తయారీదారు లోపలి రక్షణల్లోనూ మిగుల్చుకుంటాడు. సరైన ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల లైను 15, 16కి చేరేలోపే తనంతట తాను ఆగిపోవాలి. ఆ రెండూ ఆగలేదు. రెండు మదర్‌బోర్డులు పోయాయి, డీటీపీ చేసుకునే అమ్మాయి హార్డ్‌డిస్కూ పోయింది. అదృష్టం కొద్దీ డిస్కు బోర్డు మీద రక్షణ డయోడు ఒక్కటే షార్టయింది. దాన్ని పీకేసి ఫైళ్లు తీసిచ్చాను. అందరికీ అలా కలిసిరాదు.

మన తప్పూ లేకపోలేదు. ఆ ఐదిళ్లలో మూడింటికి త్రీపిన్ సాకెట్టు పై కన్నంలో ఎర్తు వైరే లేదు. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే అది మామూలే అనుకుంటున్నారు. ఎర్తు లేనప్పుడు ఫిల్టరు కెపాసిటర్ల ద్వారా రేకు మీదికి 115 వోల్టుల దాకా వస్తాయి. క్యాబినెట్‌తో పాటు ‘ఫ్రీ’గా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసుంటే నమ్మేస్తాం. అమ్మేవాళ్లు దాని మోడల్, వారంటీ బిల్లులో విడిగా రాయాలి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో నిమిషంలో సరిచూసుకోవచ్చు.

ఎర్తింగ్ మనం వేయించుకోగలం, న్యూట్రల్ మన చేతిలో లేదు. వేసవి గాలులకి ముందే విద్యుత్ శాఖ వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరా స్తంభాల మీదా న్యూట్రల్ జాయింట్లు బిగించాలి. వోల్టేజీ ఫిర్యాదుకి పరిష్కారం గడువు దాటితే పరిహారం ఇవ్వాలని 2020 వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి. కాలిపోయిన వస్తువుల సంగతీ తేల్చాలి. మాడిన ఫ్యూజు, చీలిన ఎంఓవీ చూపిస్తే సాక్ష్యంగా తీసుకోవాలి. నేను ఆ ఐదూ సంచిలో వేసుకుని ఆఫీసుకి వెళ్తే ‘పిడుగు పడి ఉంటుందిలే’ అన్నారు.

ఆ స్తంభం మీద న్యూట్రల్‌కి ఇవాళ్టికీ చేత్తో మెలితిప్పిన తీగే ఉంది.

– ఒక కంప్యూటర్ మెకానిక్