కూటంలో చెప్పేముందు వాళ్లింటికి వెళ్లండి

సంపాదకుడు గారికి,

మన చర్చి సంఘాల్లో ఎవరైనా మోసపోయి బాధపడుతుంటే ముందుగా వినబడేది 'క్షమించేయ్ బ్రదర్, దేవుడు చూసుకుంటాడు' అన్న మాట. బాగానే ఉంది కానీ మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు అంతటితో ఆపలేదు. తప్పు చేసినవాడి దగ్గరికి నువ్వే వెళ్లి మీరిద్దరే ఉన్నప్పుడు అడుగు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పు అన్నాడు. మనం దాన్ని తలకిందులు చేశాం. ప్రార్థన కూటంలో విన్నపం అంటూ పేరొక్కటి మింగేసి మిగతా కథంతా చెప్పేస్తాం, ఆ పేరెవరిదో అందరికీ తెలుసు, రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులో ఎవరికి తగలాలో వాళ్లకి తగిలేలా బైబిల్ వాక్యాలు మొదలవుతాయి. ఇక ఆ మనిషి చర్చి గడప తొక్కుతాడా?

మా సంఘంలోనే ఒకాయన నా హామీ మీద చీటీ పాడుకుని వాయిదాలు ఎగ్గొట్టాడు. ఆ డబ్బు నేను కట్టాల్సి వచ్చింది. కోపం రాలేదని అబద్ధం చెప్పను. ఒకరోజు చీకటి పడ్డాక ఒక్కడినే వాళ్లింటికి వెళ్లాను. కూర్చోమనలేదు, టీవీ సౌండ్ కూడా తగ్గించలేదు. 'అన్నా, నీ వల్ల మా అమ్మాయి కాలేజీ ఫీజు ఆగిపోయింది' అని ఉన్నమాట చెప్పాను. వాళ్లావిడ వంటింట్లోంచి వచ్చి టీవీ కట్టేసింది. అప్పుడు మొదలయ్యాయి అసలు మాటలు. ఇప్పుడు నెలనెలా కొంత ఇస్తున్నాడు, ఎదురుపడితే పలకరిస్తున్నాడు. మళ్లీ సంతకం పెడతావా అంటే మాత్రం పెట్టను, అదింకా టైం పడుతుంది. బైబిల్లో యోసేపు కూడా తనను అమ్మేసిన అన్నలు కనబడగానే కౌగిలించుకోలేదు కదా, తమ్ముడు బెన్యామీను బదులు నేను బానిసగా ఉంటానని ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చాకే తానెవరో చెప్పి ఏడ్చాడు.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో తన భర్త, ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు చిన్న కొడుకులను సజీవంగా తగలబెట్టినవాళ్లను క్షమించానని గ్లాడిస్ స్టెయిన్స్ చెప్పారు. అయినా కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది, 2011లో ప్రధాన దోషి దారాసింగ్‌కు యావజ్జీవం ఖాయమైంది. ఆమె క్షమించినందుకు కోర్టు పని ఆగలేదు. అందుకే మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడపిల్లను 'క్షమించి కాపురానికి వెళ్లమ్మా' అని పంపించే పాస్టర్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఒంటరిగా వెళ్లి మాట్లాడమని చెప్పే చోటు అది కాదు, ఆ అమ్మాయికి తోడుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.

మిగతా తగాదాలకు పాస్టర్ గార్లను ఒకటే అడుగుతున్నాను. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు బల్ల ముందు నిలబెట్టి అప్పటికప్పుడు 'సమాధానపడండి' అంటే ఎవరు ఎవరింటికి వెళ్తారు? దానికి ముందు ఆదివారమే చెప్పండి, మధ్యలో వారం రోజులుంటాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు