లోడు బెల్టు పాఠం బెల్టు మీదే ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

నగరంలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఇటీవల జరిగిన చివరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టుల ప్రదర్శనకు మా మేనల్లుడి కోసం వెళ్లాను. డ్రోన్లు, రోబోలు పెట్టిన బల్లల దగ్గర నిలబడడానికి చోటు లేదు. లారీ లోడు కట్టే రాచెట్ (పిడి ఆడించి పట్టీని బిగించే ఇనుప పరికరం) బెల్టునూ, దాని ప్యాకింగునూ కొత్తగా రూపొందించిన నలుగురు విద్యార్థుల బల్ల దగ్గర మాత్రం ఎవరూ లేరు. గాజువాక ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా లారీలు తిప్పుతున్నవాణ్ని కావడంతో నేను అక్కడే గంటన్నర కూర్చుండిపోయాను. వారి పనిలో మెచ్చుకోదగ్గది చాలా ఉంది కానీ, అసలైన చోట ఒక పొరపాటు జరిగిందని నా అభిప్రాయం.

ముందు మంచి చెబుతాను. రాచెట్ పిడిని చేతికి గుడ్డ చుట్టుకున్న కళాసీ కూడా పట్టి లాగగలిగేంత వెడల్పు చేశారు. 50 మిల్లీమీటర్ల పాలిస్టర్ పట్టీ నేతలో లోపలి పొరగా ఎర్ర దారం వేశారు. పై దారాలు అరిగి ఎరుపు బయటపడితే ఆ బెల్టును పక్కన పెట్టాలని అర్థం. కత్తెర లేనిదే విప్పలేని ప్లాస్టిక్ డబ్బాకు బదులు గోనె సంచీ ఇచ్చారు. వాడకపు సూచనలన్నీ చక్కని బొమ్మలతో, ఇంగ్లీషు అక్షరాలతో ఆ సంచీ మీద అచ్చు వేశారు. నేను పొరపాటు అన్నది దీన్నే. బెల్టు లారీ ఎక్కిన పది నిమిషాలకే సంచీ క్లీనర్ టిఫిన్ బాక్సుకు పనికివస్తుంది. ఆపైన ఐదారేళ్లు పనిచేసేది బెల్టే కాబట్టి పాఠం ఏదైనా బెల్టు మీదే ఉండాలి.

ఏడేళ్ల కిందట లంకెలపాలెం దగ్గర నా లారీలో ఇనుప పైపుల లోడు జారింది. బెల్టు పొడవు చాలక క్లీనర్ దానికి మరో ముక్క ముడివేశాడు. పైపు అంచుకు, బెల్టుకు మధ్య దన్నుగా ఏమీ పెట్టలేదు. డ్రైవరు గట్టిగా బ్రేకు వేయగానే బెల్టు ముడి దగ్గర తెగింది. మనుషులకు దెబ్బలు తగలకపోవడం మా అదృష్టం. బెల్టుకు ముడి వేయరాదని, పదునైన అంచు మీద నేరుగా వేయరాదని తయారీదారు లేబుల్ మీద రాసే ఉంటాడు. కానీ ఆ లేబుల్ ఎండకు, వానకు చిరిగిపోయి అప్పటికే ఎన్నాళ్లయిందో. లేబుల్ పోయిన బెల్టును వాడకం నుంచి తీసేయాలన్నది యూరప్ వారు పాటించే నియమం. మన దగ్గర లోడు బయటికి పొడుచుకువస్తే మోటారు వాహనాల చట్టం కింద 20,000 రూపాయల జరిమానా ఉంది గాని, బెల్టు లేబుల్ చూపించమని అడిగిన అధికారి ముప్పై ఏళ్లలో నాకు ఒక్కరూ ఎదురుపడలేదు.

బెల్టు బలం విషయంలో మా వాళ్లలో పాతుకుపోయిన అపోహ ఇంకొకటి ఉంది. అట్ట మీద ఐదు టన్నులని ఉంటే రెండు బెల్టులు పది టన్నులను ఆపుతాయని అనుకుంటారు. ఐదు టన్నులన్నది బెల్టు తెగిపోయే బరువు. లోడు పైనుంచి వేసి చేత్తో రాచెట్ బిగిస్తే మామూలు పొట్టి పిడితో పట్టీలో వచ్చే బిగువు మూడు నాలుగు వందల కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. లోడును నిలిపేది ఆ బిగువు వల్ల కింద పుట్టే రాపిడే. బెల్టు నేలకు 30 డిగ్రీల వాలుగా పడితే అందులోనూ సగమే కిందికి నొక్కుతుంది. గట్టి బ్రేకుకు లోడు బరువులో 80 శాతం ముందుకు తోస్తుందని యూరప్ ప్రమాణం లెక్క కడుతుంది. అంటే పది టన్నులకు ఎనిమిది టన్నులు. ముందు గోడకు ఆనించకుండా, కింద రబ్బరు పట్టా వేయకుండా రెండు బెల్టులతో బయలుదేరే లారీని ఈ లెక్కతో ఒకసారి పోల్చి చూడండి. విద్యార్థుల సంచీ మీద తెగే బరువు పెద్ద అంకెలలో ఉంది, బిగువు ఎక్కడో మూలన ఉంది. ఈ రెండింటినీ తారుమారు చేయాలి.

రాచెట్‌కు మూరెడు దూరంలో పట్టీ నేతలోనే మూడు బొమ్మలు వేయవచ్చు: కొట్టివేత గీత పెట్టిన ముడి, అంచుకు దన్ను, రాచెట్ ఇరుసు మీద పట్టీ ఒకటిన్నర చుట్లకు తగ్గకుండా, మూడు చుట్లు మించకుండా. పక్కన తెలుగు మాటలు చాలు; ఒడిశా, బిహార్ నుంచి వచ్చే డ్రైవర్లకు బొమ్మలే చెబుతాయి. ఇక గోనె సంచీ సంగతి: మన సముద్రపు గాలికి రాచెట్ ఎలాగూ తుప్పు పడుతుంది, తడి బెల్టును అందులో కుక్కితే ఇంకా తొందరగా పడుతుంది. గాలి ఆడే వల సంచీ మేలు.

ఈ సూచనలు ఆ విద్యార్థులకు అక్కడే చెప్పాను. వారు శ్రద్ధగా రాసుకున్నారు గాని, నమూనా బెల్టును ఇంతవరకు కళాశాల ప్రయోగశాలలోనే పరీక్షించామన్నారు. కళాశాలవారు అనుమతిస్తే, ఉదయం ఆరు గంటలకు లోడింగు మొదలయ్యే వేళకు వారు ఆటోనగర్ రావచ్చు. ఒక లారీని, ఇద్దరు కళాసీలను ఆ పూటకు నేను ఇస్తాను.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
గాజువాక, విశాఖపట్నం