ఆ ‘అప్పుడప్పుడు’ అనే మాట తీసేయండి

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇటలీ పియానిస్టు మౌరిజియో పొల్లీని మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామని కూర్చున్నాను. కోపంలో మాట తూలుతుందేమోనని ఆగాను. నాలుగు రోజులైంది, కోపం మాత్రం తగ్గలేదు. పోలాండ్ స్వరకర్త షోపాన్ గురించి మూడు కాలమ్‌లు రాశారు, వార్సా పోటీ గురించి పెద్ద పేరా రాశారు. ఆ తర్వాత ఆయన ‘అప్పుడప్పుడు’ ఆధునిక సంగీతం ‘కూడా’ వాయించేవారని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మనిషి సగం జీవితం ఆ ఒక్క వాక్యంలో కొట్టుకుపోయింది.

వార్సా కథ అందరికీ తెలిసిందే. 1960లో 18 ఏళ్ల వయసులో షోపాన్ పోటీలో మొదటి బహుమతి, మహా పియానిస్టు ఆర్థర్ రూబిన్‌స్టీన్ అంతటివాడి మెప్పు. ఎన్నిసార్లు రాస్తారండీ అదే? రాయాల్సింది ఆ తర్వాత జరిగిన సంగతి. అంత పేరొచ్చిన కుర్రాడు ఊరూరా అదే కాన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) వాయించుకుంటూ హాయిగా బతికేయొచ్చు. ఆయన కచేరీలు బాగా తగ్గించుకుని మళ్లీ చదువులో పడ్డారు. కొంతకాలం ఇటలీ పియానిస్టు మికెలాంజెలి దగ్గర నేర్చుకున్నారు. ఒక్క షోపాన్ వాద్యకారుడిగా మిగిలిపోవడం ఆయనకి ఇష్టం లేదు. మీ వ్యాసం ఆయన్ని సరిగ్గా అక్కడే కట్టిపడేసింది.

1972లో షోపాన్ ఎత్యూడ్‌లు (సాధన రచనలు) రికార్డు చేసిన ఆ చేతులే అదే దశాబ్దంలో ఇరవయ్యో శతాబ్దపు స్వరకర్తల్ని పట్టుకున్నాయి: షూన్‌బర్గ్ సోలో పియానో రచనలన్నీ వాయించాయి, వెబెర్న్ వేరియేషన్స్ వాయించాయి, బూలేజ్ రెండో సొనాటా (కొన్ని భాగాలుగా సాగే పియానో రచన) వాయించాయి. బీథోవెన్ చివరి సొనాటాలు రికార్డు చేసింది కూడా ఆ ఏళ్లలోనే. ఇది యాదృచ్ఛికం కాదు. బూలేజ్ 1948లో ఆ సొనాటా పూర్తి చేసినప్పుడు ఆయన ముందున్న నమూనా బీథోవెన్ ‘హామర్‌క్లావియర్’ సొనాటా. ఒకటి చేతికి పట్టిన మనిషికి రెండోది వేరుగా వినిపిస్తుంది. పొల్లీని వాయించిన ‘హామర్‌క్లావియర్’ చివరి ఫ్యూగ్ (ఒకే పాట ఒక గొంతు వెంట ఇంకో గొంతుగా అల్లుకునే భాగం) వినండి, ఏ గొంతు ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో గీత గీసినట్టు తెలుస్తుంది. ఆ స్పష్టత బూలేజ్‌తో కుస్తీ పట్టినందువల్ల వచ్చిందని నా నమ్మకం. కొత్త సంగీతాన్ని తీసేస్తే ఆయన పాత సంగీతం కూడా మనకి అర్థం కాదు.

ఇక ఆయన కోసం రాసినవాళ్లు. ఇటలీ స్వరకర్త లూయిజి నోనో 1972లో పియానో, సోప్రానో (హెచ్చు స్థాయి ఆడ గొంతు), ఆర్కెస్ట్రా, ముందే రికార్డు చేసిన టేపులతో ఒక పెద్ద రచన చేశారు. ఇటలీ స్వరకర్తలే మాంజోనీ రాశారు, షారీనో రాశారు. నోనోయే 1976లో పియానోకీ టేపుకీ కలిపి ఇంకొకటి రాశారు. దాన్ని ఒక్కసారి విన్నవాళ్ల కలం నుంచి ‘అప్పుడప్పుడు’ అనే మాట రాదు. ఆ టేపులో ఉన్నది కూడా పొల్లీని వాయించిందే. మిలాన్ రేడియో స్టూడియోలో ఆయన చేత వాయింపజేసి, స్వరాలతో పాటు పెడల్ చప్పుడు కూడా పట్టుకుని, మార్చి, స్పీకర్లలోంచి వదులుతారు. స్టేజీ మీద పియానో దాంతో కలిసి నడుస్తుంది. కొన్నిచోట్ల ఏది చేతిలోంచి వస్తోందో, ఏది టేపులోంచి వస్తోందో తెలియదు. వెనీస్‌లో నోనో ఉన్న జూదెక్కా ద్వీపానికి నీళ్ల మీదుగా వచ్చే గంటల మోత అందులో ఉంది. ఇద్దరి కుటుంబాల్లోనూ చావులు జరిగిన రోజుల్లో పుట్టిన సంగీతం అది. ‘సామాన్య శ్రోతకు అర్థం కాదు’ అని మీ వ్యాసకర్త ఎవరి తరఫున తేల్చేశారు? ఇదే పొల్లీని, నోనో, ఆర్కెస్ట్రా కండక్టర్ క్లాడియో అబ్బాడో కలిసి 1970లలో ఇటలీలోని రెజ్జో ఎమీలియా ఫ్యాక్టరీల్లోకి వెళ్లి కార్మికుల ముందు ఈ సంగీతం వినిపించారు. ఆ కార్మికులు సామాన్యులు కారా?

నాకింత పట్టుదల ఎందుకంటే, కొన్నేళ్లు నేనొక పియానిస్టుకి పేజీలు తిప్పాను. ఆవిడ పేరు రాయను, ఆవిడకి ఇష్టం ఉండదు. కచేరీలో పాతవి రెండు, కొత్తది ఒకటి తప్పకుండా వాయించేవారు. ఒకసారి తొమ్మిది నిమిషాల కొత్త రచన కోసం నాలుగు నెలలు కూర్చున్నారు. అచ్చయిన ప్రతి లేదు, స్వరకర్త చేత్తో రాసిన కాగితాలకి జిరాక్సులు తీసి, అట్టల మీద అంటించుకున్నాం. ఏ వేలు ఎక్కడ పెట్టాలో ఆవిడే పెన్సిల్‌తో రాసుకోవడం, చెరపడం, మళ్లీ రాసుకోవడం. షూబర్ట్ వాయించాలంటే వందేళ్ల పైబడి ఎందరో వేసిన దారి ఉంటుంది. దీనికి ఏ దారీ లేదు. మధ్యలో లేచి నిలబడి పియానో లోపలి తీగలు మీటాలి. ఏ తీగ ఏదో చీకట్లో తెలియాలి కదా, అందుకని తీగల మోత ఆపే డ్యాంపర్ల మీద చిన్న చిన్న రంగు స్టిక్కర్లు పెట్టుకున్నాం. నాకేమో ఏ అట్ట ఎప్పుడు తీయాలన్న టెన్షన్. ఆవిడ తల ఊపేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని.

కచేరీకి ముందు రోజు సాయంత్రం హాలు యాజమాన్యం నుంచి కబురొచ్చింది. ఆ రచన వద్దు, తెలిసినదేదైనా వాయించండి అని. లోపలి తీగలు ముట్టుకుంటే పియానో పాడవుతుందని ఒక కారణం చెప్పారు, జనం లేచి వెళ్లిపోతారని ఇంకో కారణం చెప్పారు. తీగలు ముట్టుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చింది వాళ్లే! ఆ కాగితం చూపిస్తే, సంతకం పెట్టిన అధికారి బదిలీ అయ్యారన్నారు. ఆవిడ వాదించలేదు, షూబర్ట్ వాయించారు. చాలా బాగా వాయించారు. షూబర్ట్ ఆవిడకి కంఠతా వచ్చు కాబట్టి నా అవసరం పడలేదు. ఆ అట్టల కట్ట ఒళ్లో పెట్టుకుని వెనక కుర్చీలో కూర్చున్నాను.

ఇలాంటివి ఒక్క హాలుకి పరిమితం కాదు. నిధులిచ్చే కమిటీలకి టికెట్లు ఎన్ని తెగాయన్నదే లెక్క. పోటీల్లో ఒక సమకాలీన రచన తప్పనిసరి అంటారు, పిల్లలు కష్టపడి నేర్చుకుంటారు, పోటీ అయిన మర్నాడు దాన్ని అడిగే నిర్వాహకుడు ఉండడు. కొత్త రచనకి మొదటి ప్రదర్శన ఎలాగోలా దొరుకుతుంది, ప్రారంభోత్సవం ఫొటో పడుతుంది కాబట్టి. రెండో ప్రదర్శన దొరకడమే గగనం. ఇవన్నీ అడగాల్సిన పత్రికలేమో కచేరీకి మనిషిని పంపడం మానేశాయి. నిర్వాహకులు పంపిన నోటునే అటూ ఇటూ మార్చి వేస్తున్నాయి. మీ పత్రిక ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. కచేరీలో ఏం వాయించారో వరసగా రాసేవాళ్లు. ఇప్పుడు బట్టల రంగు రాస్తున్నారు కానీ రచన పేరు రాయడం లేదు.

షూన్‌బర్గ్ మూడు పియానో రచనలు 1909 నాటివి. వందేళ్లు దాటినా వాటిని ఇంకా ‘ప్రయోగం’ అంటున్నారు. 1874లో చైకోవ్‌స్కీ తన మొదటి పియానో కాన్సర్టో వినిపిస్తే, ఇది వాయించడానికి పనికిరాదని పియానిస్టు నికొలాయ్ రూబిన్‌స్టీన్ తిట్టిపోశాడు. మర్నాటి ఏడాది బోస్టన్‌లో పియానిస్టు హాన్స్ ఫాన్ బ్యూలో దాన్ని మొదటిసారి వాయించాడు. ఇవాళ అది తెలియని సంగీతాభిమాని లేడు, ఆ రూబిన్‌స్టీనే తర్వాత దాన్ని తలకెత్తుకున్నాడు. 1945లో పారిస్‌లో పియానిస్టు ఇవోన్ లోరియో, స్వరకర్త మెస్సియాన్ రాసిన ఇరవై భాగాల రచన మొత్తం కూర్చుని వాయించింది, రెండు గంటలు. అప్పటికి ఆవిడకి 21 ఏళ్లు. కొత్త రచనలు వాయించడం పియానిస్టు ఉద్యోగంలో ఒక భాగం. కొత్త రోగం వచ్చినప్పుడు వైద్యుడు దాని గురించి చదువుకోవడం ఎంత మామూలో ఇదీ అంతే మామూలు. దీన్ని ‘కూడా’ అని రాయకూడదు.

నేను కోరేది పెద్దదేం కాదు. వచ్చే ఆదివారం అదే పేజీలో ఒక సవరణ వేయండి. నోనో, మాంజోనీ, షారీనో ఆయన కోసం రాసిన రచనల పేర్లు, ఏ ఏడాదివో చిన్న పట్టికగా ఇవ్వండి. నాలుగు లైన్లు పడతాయి, ఆయన చేతుల ఫొటో కొంచెం తగ్గిస్తే చోటు దొరుకుతుంది. వ్యాసకర్తకి ఆ నోనో రికార్డింగ్ కావాలంటే నా దగ్గరుంది, పంపిస్తాను.

ఆ అట్టల కట్ట ఇంకా మా బీరువాలోనే ఉంది. స్టిక్కర్లు ఊడి కాగితాలకి అంటుకున్నాయి. ఆ తొమ్మిది నిమిషాల రచన ఎక్కడైనా ఎవరైనా వాయించినట్టు ఇప్పటిదాకా నేను వినలేదు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు