మాటను అదుపు చేయాల్సింది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

కించపరిచేలా మాట్లాడిన వారిని వెంటనే అరెస్టు చేయాలన్న డిమాండు ఇప్పుడు అన్ని పార్టీల నుంచీ వినిపిస్తోంది. నోటి దురుసు మితిమీరిందన్న బాధ నాకూ ఉంది. అయితే ఏ మాట తప్పో తేల్చే పని పోలీస్ స్టేషన్‌కు అప్పగిస్తే ఏం జరుగుతుందో మనం ఇదివరకే చూశాం. చికాకు పెట్టే సందేశాలకు కూడా మూడేళ్ల దాకా జైలు శిక్ష వేసే వీలు కల్పించిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను అడ్డుపెట్టుకుని, 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసిన యువతితో పాటు దాన్ని లైక్ చేసిన స్నేహితురాలినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. చర్చ, వాదన ఎంత ఘాటుగా ఉన్నా నేరం కావని, హింసకో నేరానికో ఉసిగొల్పినప్పుడే చట్టం కలగజేసుకోవాలని చెప్పింది. అయినా అదే సెక్షన్ కింద కేసులు నమోదవుతూనే ఉన్నాయని తెలిసి 2021లో కోర్టే విస్తుపోయింది.

చట్టం అసలే వద్దని నేను అనడం లేదు. నలుగురి ఎదుట కులం పేరుతో దూషిస్తే శిక్షించే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టమూ, వైకల్యాన్ని ఎత్తిచూపి అవమానిస్తే శిక్షించే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమూ ఉండి తీరాలి, గట్టిగా అమలు కావాలి. ఎందుకంటే అక్కడ దెబ్బ తగిలేది ఒక మనిషి తలెత్తుకు తిరిగే హక్కుకే.

మా చిక్కడపల్లిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒక యువకుడికి పోలియో వల్ల కాలు చచ్చుబడింది. సినిమాలో హాస్యనటుడు కుంటిన తీరును అనుకరిస్తూ వీధి పిల్లలు అతని వెనకాలే నడుస్తుంటారు. ఫిర్యాదు చేయమని ఎవరో సలహా ఇస్తే, ‘ఎవరి మీద సార్, ఈ పిల్లల మీదా?’ అన్నాడు. ఆ ప్రశ్నకు స్టేషన్లో జవాబు దొరకదు. బూతు వినిపిస్తే మ్యూట్ చేయించే సెన్సార్ బోర్డు, నత్తినీ కుంటినీ చూపించి నవ్వించే సన్నివేశాలను మాత్రం ఏళ్లుగా పోనిస్తూనే ఉంది. వైకల్యాన్ని తెర మీద ఎలా చూపాలో 2024 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిస్తూ, దివ్యాంగులను సంప్రదించాలని కూడా సూచించింది. ఫిల్మ్‌నగర్‌లో కథలు రాసేవారు, తీసేవారు ఎవరి ఆదేశం కోసమూ చూడకుండా ఆ పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

పత్రికలకూ, టీవీ చర్చలు నడిపేవారికీ ఇదే వర్తిస్తుంది. కులం, స్త్రీలు, మతం, వైకల్యం గురించి రాసేటప్పుడు మీ డెస్క్ పాటించే నియమాలను పాఠకులకు తెలిసేలా ప్రచురించండి. వాటిని రూపొందించేటప్పుడు ఆ మాటలు పడుతున్నవారిని కూర్చోబెట్టుకుని అడగండి. మీరు నియమం తప్పినట్టు పాఠకుడు చూపిస్తే, సవరణను మొదటి వార్త వచ్చిన పేజీలోనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్