గుర్రాల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులకు, పై ఊళ్ల పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనులను ఈ సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ పాలు దారులకే పోయింది. కాఫీ బస్తాలు, మిరియాలు, పసుపు, డిపో బియ్యం, సంత సరుకు, ఒక్కోసారి జ్వరంతో నడవలేని మనిషి... అన్నీ గుర్రం మీద ఈ దారినే ఎక్కాలి, దిగాలి. అందుకే నివేదికలోనూ దారుల సంగతే ముందు.

దారి పని

సెప్టెంబరు వానలకు మన్యంలో ఎన్ని చోట్ల కొండచరియలు జారాయో అందరం చూశాం. మన దారిలో మర్రి మలుపు పైన గట్టు కూలింది, పెద్ద గెడ్డ (కొండవాగు) దిగుడు కోసుకుపోయింది. మే నెలలో అడ్డకాలవలు, అంటే వాన నీటిని దారి దాటించి పక్కకు పంపే గాళ్లు, తవ్విన చోటల్లా దారి నిలిచింది, తవ్వకుండా వదిలేసిన చోటల్లా పోయింది. అనుమానం ఉన్నవాళ్లు ఒకసారి నడిచి చూసుకోవచ్చు.

గుర్రాలు తిరిగి తిరిగి దారి పాడైపోతోందని మాట్లాడేవాళ్లు ఉన్నారు. డెక్క మట్టిని వదులు చేసే మాట నిజమే. కానీ ఆ వదులు మట్టిని మోసుకుపోయేది నీరు. వాన నీరు దారి నడిమధ్యన పడి కిందికి పరుగెత్తితే రెండు వానలకే దారి కాలవ అవుతుంది. గుర్రం ఆ గాడిలో నడవలేక పక్కకు జరుగుతుంది, అక్కడ కొత్త గాడి పడుతుంది. నీటిని దారి దాటించి పక్కకు పంపడమే మొత్తం పని. మిగిలినదంతా దాని తర్వాతే.

ఈ ఏడాది అన్ని జట్లూ ఒకే పద్ధతి పాటించాలని తీర్మానించాం, చాలావరకు పాటించారు. కొత్తగా వచ్చే కుర్రాళ్ల కోసం ఆ పద్ధతి ఇక్కడ రాసి పెడుతున్నాం.

దారి వాలు లోయ వైపు ఉండాలి. మీటరు వెడల్పుకు బయటి అంచు 5 సెంటీమీటర్లు కిందికి ఉంటే చాలు, నీరు నిలవకుండా జారిపోతుంది. అంతకు మించి వంచితే బరువుతో ఉన్న గుర్రం తడి మట్టిలో లోయ వైపు జారుతుంది. ఏళ్ల తరబడి తొక్కిడికి బయటి అంచున మట్టి గట్టులా పేరుకుని నీటిని లోపలే ఆపేస్తుంది. చాలా చోట్ల దారి చెడడానికి కారణం ఇదే. ఆ గట్టును పారతో చెక్కి, ఆ మట్టినే లోపలి గాడిలో పోసి దిమ్మిసతో కొట్టాలి.

అడ్డకాలవను దారికి సరిగ్గా అడ్డంగా తవ్వొద్దు. అలా తవ్వితే నీటి వేగం చచ్చి ఒండ్రు అక్కడే దిగుతుంది, ఒక్క వానకే పూడిపోతుంది. దారికి 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలుగా, దిగువ కొస లోయ వైపు ఉండేలా తవ్వాలి. ఓ మోస్తరు వాలులో 30 మీటర్లకు ఒకటి, నిటారు ఎక్కుడులో 10 మీటర్లకు ఒకటి. రాళ్లు పేర్చే చోట రాయిలో మూడింట రెండు వంతులు భూమిలోకి దిగాలి, పైకి 10–15 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ కనబడకూడదు. ఎక్కువ లేపితే గుర్రం దాన్ని దాటకుండా పక్కనుంచి చుట్టి పోతుంది. నీరూ దాని వెనకే పోతుంది. దుంగలు వేయొద్దని ఈసారి గట్టిగా చెప్పాం. తడిసిన దుంగ మీద డెక్క జారుతుంది, పైగా రెండేళ్లకే చెదలు తినేస్తాయి. అడ్డకాలవ నోరు లోపలి కన్నా వెడల్పుగా ఉండాలి. ఆకులు పేరుకుని మూసుకుపోయేది నోటి దగ్గరే. వానకాలంలో అటు వెళ్లేవాళ్లు చేతికర్రతో ఒకసారి కెలికి పోతే దారికి ఎంతో మేలు.

వెడల్పు సంగతి. రెండు వైపులా బస్తాలు కట్టిన గుర్రానికి మీటరున్నర ఖాళీ కావాలి. కాళ్ల కింద మీటరు ఉన్నా సరిపోతుంది, బస్తా ఎత్తున మాత్రం కొండ వైపు గట్టు తగలకూడదు. తగిలితే బరువు లోయ వైపు తోస్తుంది. మనిషి ఎక్కి పోయే చోట కొమ్మలు 3 మీటర్ల ఎత్తు వరకు కొట్టాలి.

పులికంప (లాంటానా) కొట్టేటప్పుడు చాలామంది కత్తితో పైపైన నరికి ముందుకు పోతున్నారు. మూడు నెలలు తిరిగేసరికి అది రెండింతలై వస్తుంది. పూత రాకముందే గునపంతో వేరు మెడను, అంటే నేలకు 3–5 సెంటీమీటర్ల కింద ఉండే ముడిని, తెంచి తీయాలి. తీసిన మొక్కను వేళ్లు పైకి ఉండేలా తలకిందులుగా ఆరేయాలి. నిప్పు పెట్టొద్దు, కాలిన నేల మీద అదే మొదట మొలుస్తుంది. వెదురుకు ఇంకో జాగ్రత్త. ఏటవాలుగా నరికిన వెదురు మొద్దు శూలంలా నిలబడి డెక్క మధ్యలోని మెత్తటి భాగంలో దిగుతుంది. పైకి చిన్న రంధ్రమే కనబడుతుంది, లోపల ధనుర్వాతం మొదలవుతుంది. అందుకని మొద్దును నేలకు సమానంగా, అడ్డంగా కోయండి. ఈ ఒక్క మాట అన్ని జట్లూ గుర్తుపెట్టుకోవాలి.

పెద్ద గెడ్డ దగ్గర తూము వేద్దామన్న ప్రతిపాదనను కమిటీ ఒప్పుకోలేదు. మన గెడ్డల్లో కొమ్మలు, ఆకులు కొట్టుకొచ్చి తూము మూసుకుపోతుంది, నీరు పక్క నుంచి కోసి దారినే తీసుకుపోతుంది. దానికి బదులు రేవును వెడల్పు చేసి, లోతు తగ్గించి, రెండు ఒడ్డుల్నీ మెల్లటి వాలుగా చెక్కాం. అడుగున పిడికిలంత రాళ్లు పరిచి సందుల్లో గులకరాళ్లు దట్టించాం. ఇరుకైన లోతు నీటి కన్నా వెడల్పైన పల్చటి నీటిలో గుర్రం ధైర్యంగా దిగుతుంది. అక్టోబరు తర్వాత అక్కడ ఒక్క బస్తా కూడా తడవలేదు.

కింద ఊరి దగ్గర వేసిన సిమెంటు దారి సంగతి కూడా చెప్పాలి. నున్నగా తాపీతో మెత్తి వదిలేశారు. నాడాలు కొట్టిన గుర్రం అక్కడ నిలబడలేకపోతోంది. ఆరకముందే చీపురుతో అడ్డగీతలు గీస్తే సరిపోయేది, పైసా ఖర్చు లేదు. పని జరుగుతున్నప్పుడు కాంట్రాక్టరు మనుషులకు చెప్పాం, వినలేదు. ఇప్పుడు ఉలితో గాట్లు పెట్టిస్తున్నాం, సగం అయింది.

శ్రమదానానికి వచ్చినవాళ్లు, రానివాళ్లు

మనసులో మాట దాచుకోవడం లేదు. ప్రతి శ్రమదానానికీ పేర్లు రాయించుకున్నవాళ్లలో సగం మంది కూడా కనబడలేదు. పొద్దున్నే గునపాలు పట్టుకుని నిలబడేది ఎప్పుడూ ఆ నాలుగిళ్లవాళ్లే. కాఫీ కోతలప్పుడు ఎవరి పని వాళ్లకుంటుంది, అది అర్థమవుతుంది. మే నెలలో కోతలు లేవు కదా? వాన మొదలయ్యాక దారి కొట్టుకుపోయిందని సంఘం మీద కేకలేసేవాళ్లు వాన రాకముందు ఒక పూట వస్తే ఆ కేకలు అక్కర్లేదు. గుర్రం లేని ఇళ్ల నుంచి కూడా ఆడవాళ్లు తట్టలు మోయడానికి వచ్చారు. ఇంట్లో గుర్రం ఉండి దారి మొహం చూడనివాళ్లు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

ముక్కనుమ పోటీ

ఈ ఏడాది సంఘానికి గర్వకారణం ఇదే. పండగ పందెమంటే పరుగే అనుకునే చోట మనం మోత పోటీ పెట్టాం. పరుగు కూడా ఉంది కానీ కోత కోసిన చదును మళ్లలోనే, దిగుడులో కాదు, కొరడా లేకుండా.

మోత పోటీకి ప్రతి గుర్రానికీ 40 కిలోలు, ఒక్కో వైపు 20. తూకం కాటా అక్కడే పెట్టాం. రెండు వైపులకూ కిలో కన్నా తేడా ఉంటే విప్పించి మళ్లీ కట్టించాం. కింద ఊరి నుంచి మర్రి మలుపు దాకా ఎక్కి దిగి రావాలి. ముందొచ్చిన గుర్రానికి బహుమతి లేదు. దిగగానే బరువు, బొంత తీసి వీపు చూశాం. వీపంతా ఒకే తీరున చెమట పట్టి ఉంటే కట్టు బాగున్నట్టు. చెమట మధ్యలో అరచేయంత పొడిమచ్చ కనబడితే అక్కడ బరువు నొక్కి రక్తం ఆడలేదన్నమాట. అదే పనిగా నొక్కితే ఆ మచ్చ పుండవుతుంది. ఈ పొడిమచ్చలను చూపిస్తుంటే చుట్టూ మూగిన పిల్లలు, ముసలివాళ్లు తమ గుర్రాల వీపులు తడుముకోవడం మొదలుపెట్టారు. పోటీ పెట్టిన ఫలితం అక్కడే దక్కింది.

ఆగిన 10 నిమిషాలకు నాడి చూశాం. దవడ ఎముక కింద వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయాలి. తీరిగ్గా ఉన్న గుర్రానికి నిమిషానికి 28–44 ఉంటుంది. 10 నిమిషాలైనా 60 దాటే ఉంటే పోటీ నుంచి తప్పించాం, యజమాని ఎంత పెద్దవాడైనా సరే. మొదటి బహుమతి అన్నింట్లోకీ పొట్టి గుర్రానికి వచ్చింది. వెన్నెముక మీద బొంత రెండు వేళ్ల సందు వదిలి, బరువు మూపుకు దగ్గరగా, కిందికి కట్టి ఉంది. సాయంత్రం థింసా ఆడిన అక్కచెల్లెళ్లకు, డప్పు, కొమ్ము వాయించినవాళ్లకు సంఘం రుణపడి ఉంది. ఒక్క గుర్రానికీ దెబ్బ తగలకుండా పోటీ ముగిసింది.

గుర్రాల ఆరోగ్యం

ధనుర్వాతం టీకాల శిబిరం జరిపించాం. మొదటిసారి వేయించినవాళ్లు 4–6 వారాలకు రెండో మోతాదు తప్పక వేయించాలి, తర్వాత ఏటా ఒకటి. రెండో మోతాదుకు రానివాళ్ల పేర్లు చావడిలో చదువుతాం. డెక్కలు 6–8 వారాలకోసారి చెక్కించండి. ముందు భాగం పెరిగితే గుర్రం దిగుడులో తడబడుతుంది.

బరువు విషయంలో 1965 నాటి కేంద్ర నియమాలు పొట్టి గుర్రానికి 70 కిలోలు దాటకూడదంటాయి. రోజుకు 9 గంటలకు మించి పని వద్దు, 5 గంటలకు మించి ఏకబిగిన వద్దు. మన కొండకు, మన గుర్రాల ఎత్తుకు 50 కిలోలే మేలని సంఘం తీర్మానం. కోసిన కాఫీ పండ్లు అలాగే దింపకండి. కిలో గింజకు 5–6 కిలోల పండ్లు కావాలి, అంటే గుర్రం మోసేది ఎక్కువగా తొక్క, నీరే. ఊళ్లోనే తొక్క తీసి, ఎండబెట్టి దింపితే మోతలు బాగా తగ్గుతాయి. ఒట్టి తవుడు మీద మేపడం తగ్గించి, నానబెట్టిన ఉలవలు, చోడి గడ్డి పెట్టండి. తవుడు ఎక్కువైతే సున్నం తగ్గి ఎముకలు మెత్తబడతాయి.

కార్యాలయాలు

మర్రి మలుపు దగ్గర దారి పక్కకు జరపడానికి అటవీ హక్కుల చట్టం, 2006లో ఊరి దారుల వంటి వాటికి అటవీ భూమి వాడుకోనిచ్చే సెక్షన్ 3(2) కింద గ్రామసభ తీర్మానంతో దరఖాస్తు ఇచ్చాం. హెక్టారులోపు భూమి, హెక్టారుకు 75 చెట్లు మించకూడదన్న షరతు, అన్నీ సరిపోయాయి. ఆ కాగితం ఒక కార్యాలయంలో బల్ల మీద నుంచి బల్ల మీదికి తిరుగుతోంది. ప్రతిసారీ కొత్త నకలు అడుగుతారు. కొండ దిగి పోయిన మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే, ఆ సంగతి వాళ్లకు పట్టదు. 2025 ఏప్రిల్‌లో గిరిజన ఊళ్లకు రోడ్లు వేసే అడవి తల్లి బాట పనులకు శంకుస్థాపన జరిగింది. సంతోషం. రోడ్డు వచ్చినా తోటల నుంచి రోడ్డు దాకా సరుకు చేర్చేది గుర్రమే, కాబట్టి దారి పని ఆపే ప్రసక్తి లేదు.

కృతజ్ఞతలు, జమాఖర్చులు

సొంత పనులు మానుకుని టీకాలు వేసిన పశువైద్య సిబ్బందికి, కాటా ఇచ్చిన సంత వ్యాపారికి, జట్లకు అంబలి కాచి పోసిన ఇళ్లకు, రాళ్లు ఇచ్చిన రైతుకు, పోటీకి మళ్లు వదిలిన కుటుంబానికి, డెక్కలు చెక్కడం పిల్లలకు నేర్పిన పెద్దాయనకు సంఘం తరఫున వందనాలు. జమాఖర్చుల పుస్తకం చావడిలో ఉంది, తనిఖీ సంతకం అయింది. చందా బాకీలు చాలా ఉన్నాయి, తీర్చండి.

మే నెలలో అడ్డకాలవల పని పై ఊరి నుంచి మొదలవుతుంది. గుర్రం ఉన్న ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి, గునపమో పారో తీసుకుని రావాలి. రాలేనివాళ్లు ముందురోజే జట్టు పెద్దకు చెప్పి, మారుమనిషిని పంపాలి.

ఇట్లు,
కార్యదర్శి