మంత్రిగారూ, ఆ ప్లాస్టర్ పాదం ఇంకా మా ఇంట్లోనే ఉంది

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

విజయనగరం నుంచి ఒక పాత డ్రాయింగ్ స్కూలు విద్యార్థి నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం.

అయ్యా, సంగతి మీ ఫైల్లో ఉంది కాబట్టి మొదటి నుంచీ చెప్పను. అర్జీ 4 సార్లు ఇచ్చాను. ప్రభుత్వం మారినప్పుడల్లా సోమవారం అర్జీల కార్యక్రమానికి పేరు మారింది గానీ నా అర్జీలో అక్షరం మారలేదు. ఇచ్చిన ప్రతిసారీ మీ సమస్య పరిష్కారమైందని ఫోనుకి మెసేజ్ వస్తోంది. మొదటిసారి నమ్మి ఇంటికి పావుకిలో జిలేబీ కూడా పట్టుకెళ్లాను. పరిష్కారమంటే కాగితాన్ని ఇంకో ఆఫీసుకి పంపడమని మర్నాడు గుమాస్తాగారు చెప్పారు.

నేనడిగింది ఒక గది. స్కూలు మూతపడిన ఏడాది ఒక సభలో, వేదిక మీది పెద్దలొకరు 'ఈ సామాను ఊరి ఆస్తి, ఎవరైనా జాగ్రత్త చెయ్యండి, మేం గది చూస్తాం' అన్నారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవాణ్ని నేనే. అందుకే కాబోలు, సామాను నా మెడకే పడింది.

ఆ సామానేమిటో చెబుతాను. కూర్చుని బొమ్మ వేసుకునే బల్లలు 7. వాటిని మేం డాంకీలనే వాళ్లం. ప్లాస్టర్‌తో పోతపోసిన ఒక చెవి, ఒక ముక్కు, మోకాలి నుంచి కిందికి ఒక పాదం. విద్యార్థుల బొమ్మలతో ఒక ట్రంకుపెట్టె. వీటితో ఇప్పటికి 4 అద్దె ఇళ్లు మారాను. ఇల్లు చూపించిన ప్రతివాళ్లూ ముందు అడిగేది ఒకటే: 'ఈ కాలేటండీ బాబూ?' 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చిన రాత్రి రేకులు లేచిపోతే, పాదాన్ని మంచం మీద పడుకోబెట్టి బరకం కప్పాం. మా ఆవిడా నేనూ తెల్లార్లూ గోడకి ఆనుకుని నిలబడ్డాం. అయినా చిటికెన వేలు విరిగింది. ఫెవికాల్‌తో అతికించాను, కాస్త వంకరగా. ట్రంకుపెట్టెకి రెండుసార్లు చెద పట్టింది. కిరసనాయిలు రాసి చెదని ఆపగలిగాను, అప్పటికే తినేసిన బొమ్మల్ని తెచ్చుకోలేను కదా. ఇప్పుడు మా అబ్బాయి, 'నాన్నా, అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి' అంటున్నాడు. వాడికి పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. తప్పు వాడిది కాదు.

కోటకి కూతవేటు దూరంలో ఒక పెంకుటింట్లో ఉండేది మా స్కూలు. డ్రాయింగులో లోయర్, హయ్యర్ అనే సర్కారు పరీక్షలు రాసి, ఆపైన 42 రోజుల వేసవి శిక్షణలో టీటీసీ, అంటే టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్, తెచ్చుకుంటే డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగం వస్తుందని మా అందరి ఆశ. బొగ్గు గీత చెరపడానికి మాస్టారు తలా ఒక బ్రెడ్డుముక్క ఇచ్చేవారు. పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన గుంటలం, గీత చెరిపే లోపే నోట్లో వేసుకునేవాళ్లం. ఆయన చూసీ చూడనట్టు ఇంకో ముక్క ఇచ్చేవారు. బొమ్మ దగ్గర మాత్రం దయ లేదు. 'ఏటిరా ఇది, చెవా, పెసరట్టా?' అని కాగితం తిరగేసేవారు. ఆదివారాలు రైల్వే స్టేషన్‌కి పంపేవారు. రాయపూర్ లైను బండి కోసం ప్లాట్‌ఫారం మీద పడుకున్న జనం కదలరు, డబ్బులడగరు. అంతకన్నా మంచి మోడల్స్ ఎక్కడ దొరుకుతారు? మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం రోజు కాగితం ముట్టుకోనిచ్చేవారు కాదు. చూసి, ఇంటికెళ్లి, మర్నాడు జ్ఞాపకం మీద వెయ్యాలి. సిరిమాను ముందు నడిచే అంజలి రథం, పాలధార, తెల్ల ఏనుగు, ఒకడు ఒకటి మరిచిపోతే ఇంకొకడు గుర్తు చేసేవాడు. సిరిమానుగా ఊరేగే ఆ చింతమాను వంపు ఒక్కటి ఎవడికీ కుదిరేది కాదు. ఆ బొమ్మలే ఎక్కువ చెద తినేసింది.

ఫ్లెక్సీలు వచ్చాయి. బోర్డులు రాసి బతికే మా సీనియర్లు చేతులు ముడుచుకున్నారు, కొత్త పిల్లలు రావడం మానేశారు, ఇంటివాళ్లు ఇల్లు అమ్మేశారు. అక్కడిప్పుడు అపార్ట్‌మెంటు.

మీకు కోపం రాకపోతే ఒక మాట. 1919లో రాజావారు సంగీతానికి కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పారు, ఘంటసాల చదువుకున్నారు. అది ఇప్పటికీ నడుస్తోంది, సంతోషం. పక్కనున్న శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి బొమ్మ పడని పత్రిక అట్ట ఉండేది కాదు. అలాంటి ప్రాంతంలో రంగులకి ఒక గది కరువైంది! సభల్లో మాత్రం 'కళలకు కాణాచి' అని మీరే అంటారు. కాణాచి ఎక్కడుందో అడ్రసు చెబితే సామాను అక్కడే దింపుతాను.

వందమందికి పైగా పిల్లలున్న ప్రాథమికోన్నత బడిలో చిత్రకళకి పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది. అది పెద్ద విషయం, నేను దాని జోలికి పోను. మూతపడిన ఏ బడిలోనైనా సరే, ఒక్క గది. కరెంటు లేకపోయినా పరవాలేదు. ఉత్తరం వైపు కిటికీ ఉంటే చాలు, వెలుతురు మేం చూసుకుంటాం. జీతమొద్దు, ఆదివారాలు నేనే వచ్చి పిల్లలకి నేర్పుతాను. బ్రెడ్డు ఖర్చు కూడా నాదే.

వచ్చే సోమవారం మళ్లీ వస్తున్నానండీ. ఈసారి కాగితం తేను, పాదాన్నే ఆటోలో తెస్తాను. చిటికెన వేలు జాగ్రత్తగా పట్టుకోవాలి. గేటు దగ్గర ఆపొద్దని ఒక మాట చెప్పించండి.

ఇట్లు,
హయ్యర్ పరీక్ష రెండోసారికి పాసైన విద్యార్థి,
విజయనగరం